‘సపోర్ట్ చేస్తుంది’ అంటే ఏమిటి?

తమ్ముడూ,

ఈసీసీ మెమరీ (బిట్ తప్పులను పట్టి సరిదిద్దే మెమరీ) మీద నువ్వు పంపిన డాక్యుమెంటేషన్ రెండుసార్లు చదివాను. భాష తేటగా ఉంది. కానీ రెండో పేజీలో ‘ఈ బోర్డు ఈసీసీ మెమరీని సపోర్ట్ చేస్తుంది’ అన్నావు చూడు, అక్కడ నాకు కోపం వచ్చింది. ఈసీసీ మెమరీ మాడ్యూల్ పెడితే సిస్టమ్ ఆన్ అవుతుందనా? తప్పును సరిదిద్దుతుందనా? సరిదిద్దిన సంగతి మనకు చెబుతుందనా? ఈ మూడూ వేరు వేరు.

నాకు ఆ తేడా నష్టపోయాకే తెలిసింది. నేను చూసే సర్వర్‌లో ఈసీసీ మాడ్యూళ్లే ఉన్నాయి, మాన్యువల్‌లో ఇదే వాక్యం ఉంది. సరేనని నిశ్చింతగా ఉన్నాను. బ్యాకప్ ఫైళ్ల చెక్‌సమ్‌లు (ఫైలు మారిందో లేదో చెప్పే అంకెలు) ఒకసారి కలిసేవి, ఇంకోసారి కలిసేవి కావు. డిస్కులు మార్చాను, కేబుళ్లు మార్చాను, మూడు వారాలు ఒకటే టెన్షన్. చివరికి చూస్తే బయోస్ సెట్టింగుల్లో ఈసీసీ ఆఫ్‌లో ఉంది! ఆన్ చేసిన రోజే ఒకే మాడ్యూల్ మీద తప్పులు లాగ్‌లో వరసగా పడ్డాయి. ఆ తర్వాత ఈసీసీ మీద నేను రాసిన దాంట్లో ‘పనిచేస్తోందో లేదో ఇలా చూసుకోండి’ అని నాలుగు పేరాలు రాసిస్తే, అప్పటి ఎడిటర్ నిడివి ఎక్కువైందని సరిగ్గా ఆ నాలుగూ కొట్టేశాడు. తప్పులు దిద్దే కోడ్‌లను కనిపెట్టిన హామింగ్ కథ మాత్రం ఉంచాడు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

నువ్వూ 1950 నాటి హామింగ్ పేపర్‌తోనే మొదలుపెట్టావు. దాన్ని చివరికి పంపు. ముందు ఈసీసీ నడుస్తోందో లేదో పాఠకుడి చేత చూయించు. డీడీఆర్4 మెమరీ ఉన్న మెషీన్‌లో లినక్స్ మీద, హార్డ్‌వేర్ వివరాలు చూపే డీఎంఐడీకోడ్ కమాండ్ నడిపితే టోటల్ విడ్త్ 72, డేటా విడ్త్ 64 అని రావాలి. ఆ అదనపు 8 బిట్లే కాపలా. అవి కనిపించినంత మాత్రాన కాపలా నడుస్తున్నట్టు కాదు. మెమరీ తప్పులను లెక్కరాసే లినక్స్ ఈడాక్ డ్రైవర్ లోడై, మెమరీ కంట్రోలర్ ఫోల్డర్‌లో సరిదిద్దిన తప్పుల లెక్క, సీఈ కౌంట్, కనిపించాలి. ఆ లెక్క సున్నా ఉండటం వేరు, అసలు ఫోల్డరే లేకపోవడం వేరు. రెండో సందర్భంలో లినక్స్ తరఫున లెక్క రాసేవాడే లేడు. ఈ మాట నీ రాతలో ఎక్కడా లేదు.

‘డీడీఆర్5లో ఈసీసీ ఎలాగూ ఉంటుంది’ అన్న వాక్యం తీసెయ్. అది ఆన్-డై ఈసీసీ, అంటే మెమరీ చిప్ లోపలే ఉండేది. 128 బిట్లకు 8 బిట్లు పెట్టుకుని చిప్ తన లోపలి తప్పును తానే దిద్దుకుంటుంది. చిప్ నుంచి ప్రాసెసర్‌కు వెళ్లే దారిలో బిట్ తారుమారైతే దానికి తెలియదు. నీ మాట నమ్మి ఎవరైనా ఈసీసీ మాడ్యూళ్లకు బదులు మామూలు మాడ్యూళ్లు కొంటే ఆ పాపం మనదే.

బొమ్మల గురించి, పేజీల లెక్క గురించి అడిగావు. తర్వాత చూద్దాం. సవరించిన ప్రతి పంపేటప్పుడు నీ మెషీన్‌లో సీఈ కౌంట్ ఎంత చూపించిందో కూడా రాయి.