పాత నాణేలు దాచబోతున్న మనవడికి

చిరంజీవి మనవడికి,

తాతయ్య ఆశీస్సులు. మీ అమ్మమ్మగారి పెట్టెలో పాత రూపాయలు దొరికాయని ఫోన్‌లో చెప్పావు. ఇక నుంచి నాణేలు, నోట్లు పోగేస్తానన్నావు. చాలా సంతోషం.

ముందు ఒక్క పని చెయ్యకు. వాటిని చింతపండుతో గానీ, సామాన్లు తోమే పొడితో గానీ తోమకు. మెరుపొస్తుంది, దాంతోపాటు పైపొర అరిగి అక్షరాలూ పోతాయి. తోమిన నాణెం తెలిసినవాడికి ఇట్టే తెలిసిపోతుంది, సరైన ధర పెట్టడు. మట్టి ఉంటే మంచినీళ్లలో నానబెట్టి, మెత్తటి గుడ్డమీద ఆరనివ్వు. అంచులు పట్టుకునే ఎత్తు. పీవీసీ అనే ప్లాస్టిక్ కవర్లలో పెట్టకు, కొన్నేళ్లకు పచ్చటి జిగురు పట్టిస్తాయి.

దొరికిందల్లా కొనకు, ఒక్క దారి ఎంచుకో. నన్నడిగితే నిజాం హాలీ సిక్కా, అంటే హైదరాబాద్ నిజాం సొంత నాణేలు. చార్మినార్ బొమ్మ ఉన్న రూపాయిని భూతద్దం కింద పెట్టి, నడిమి కమాను లోపల చూడు. అక్కడ ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. మీమ్ అయితే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌ది, ఐన్ అయితే ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్‌ది. ఉస్మాన్ గద్దెనెక్కిన కొత్తలో అచ్చయిన వాటిలో ఐన్ సగమే ఉంటుంది, అలాంటిది కనపడితే వదలకు. ఏడాది హిజ్రీలో, అంటే ఇస్లామీ క్యాలెండర్ లెక్కలో ఉంటుంది. 1329 అంటే మన 1911. ఉర్దూ అంకెలు నేర్చుకోవడం ఎంతసేపు, కూర్చుంటే ఒక్క పూటలో వచ్చేస్తాయి. అప్పట్లో ఏడు హాలీ రూపాయలకు ఆరు బ్రిటిష్ రూపాయలు వచ్చేవి. నిజాం నోట్ల మీదైతే మన తెలుగు కూడా ఉంటుంది, చూస్తే నీకే ముచ్చటేస్తుంది.

ఇప్పటి నాణేలూ తక్కువేం కాదు. నాణెం మీద వేసిన సంవత్సరానికి దిగువన నక్షత్రం ఉంటే హైదరాబాద్ టంకశాలలో చేసింది, వజ్రం ముంబై, చుక్క నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా.

నోట్లలో సంతకాలు చూడు. రూపాయి నోటు మీద ఆర్థిక శాఖ కార్యదర్శిది, మిగతా వాటిపై రిజర్వ్ బ్యాంక్ గవర్నర్‌ది. 2003 నుంచి వై.వి. రెడ్డి, ఆ తర్వాత 2013 దాకా దువ్వూరి సుబ్బారావు. వరసగా పదేళ్లు తెలుగువాళ్ల సంతకాలే! ఆ వరస కూర్చడానికి పెద్ద ఖర్చేమీ కాదు. నోట్లను లామినేషన్ మాత్రం చేయించకు, పిన్ను కొట్టకు.

రద్దయిన 500, 1000 నోట్లు సేకరణ కోసమైనా 25కి మించి దగ్గర పెట్టుకోకూడదని 2017 చట్టం. వందేళ్లు దాటిన నాణేలు అమెరికాలో ఉన్న మీ అక్కకు పంపకు, అదీ చట్టం ఒప్పుకోదు.

హనుమంతుడి బొమ్మతో 1818 అని, ఈస్టిండియా కంపెనీ అని రాసి ఉన్న నాణేలు కంపెనీ వేసినవి కావు. ట్రాక్టర్ బొమ్మ ఐదు రూపాయల నోటుకు లక్షలిస్తామని, ముందు ఫీజు కట్టమని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయి. వాళ్లు రిజర్వ్ బ్యాంక్ పేరు కూడా వాడుకుంటారు, ఆ బ్యాంకే 2021లో జనాన్ని హెచ్చరించింది.

ఆ పెట్టెలోవి ఎవరికీ ఇవ్వకముందు రెండు వైపులా ఫోటోలు తీసి నాకు పంపు. వెలుతురు పక్కనుంచి పడేలా తీయి, అరిగిన అక్షరాలు అప్పుడే తేలతాయి.

ఇట్లు,
తాతయ్య