50 ప్రింట్లే అని రాసిచ్చి, అదే బొమ్మను పెద్ద సైజులో వేయొచ్చా?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఉండే చిత్రకారుడిని. నాలుగేళ్ల క్రితం ఒక బతుకమ్మ పెయింటింగ్‌ను ఒక డాక్టరు గారికి అమ్మాను. అంతకుముందే స్కాన్ చేయించి పెట్టుకున్నాను. దాన్నుంచి 12×18 అంగుళాల లిమిటెడ్ ఎడిషన్ ప్రింట్లు 50 వేయించి, సంతకం, నంబరు, సర్టిఫికెట్‌తో అమ్ముతున్నాను. ఇంకా 19 మిగిలాయి. ఇప్పుడు ఒక హోటల్ వాళ్లు అదే బొమ్మను నాలుగడుగుల కాన్వాస్‌ మీద పది కాపీలు అడుగుతున్నారు. ఈ సంగతి తెలిసి, ప్రింటు కొన్న ఒకాయన కేసు వేస్తానంటున్నారు. డాక్టరు గారేమో తన అనుమతి లేకుండా ప్రింట్లు వేయడమే తప్పంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: డాక్టరు గారి అభ్యంతరానికి జవాబు తేలికే. పెయింటింగ్ కొన్నంత మాత్రాన దాని కాపీరైట్ ఆయనకు రాదు. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఆ హక్కు బదిలీ కావాలంటే మీ సంతకంతో రాతపూర్వక పత్రం ఉండాలి. అయితే ఆయనే ముందుగా అడిగి, డబ్బిచ్చి మీ చేత వేయించుకున్న బొమ్మ అయితే కథ మారుతుంది. వేరే ఒప్పందం లేకపోతే 17వ సెక్షన్ కింద మొదటి హక్కుదారు ఆయనే. అప్పుడు మీరు వేసిన ఆ 50 ప్రింట్లూ చిక్కులో పడతాయి.

అసలు సమస్య ప్రింటు కొన్నాయనతోనే. లిమిటెడ్ ఎడిషన్ ప్రింట్ల కోసం మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. అమెరికాలో న్యూయార్క్, కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాలకు ఉంది. అక్కడ ఎడిషన్‌లో ఎన్ని వేశారో, ఏ పద్ధతిలో వేశారో కొనేవారికి రాసివ్వాలి. అక్కడి మనవాళ్లకు అమ్మేటట్లయితే ఇది గుర్తుంచుకోండి. ఇక్కడ మాత్రం ఒప్పందాల చట్టం, వస్తు విక్రయ చట్టం, వినియోగదారుల రక్షణ చట్టం చూసుకోవాలి. అంటే మీ సర్టిఫికెట్‌లో ఏం రాశారన్నదే కీలకం.

‘ఈ చిత్రం 50 ప్రింట్లు మాత్రమే’ అని ఉంటే, సైజు మార్చి తప్పించుకోవడం కష్టం. హోటల్ ఆర్డర్ వదులుకోండి. లేదా కొన్నవాళ్లందరి నుంచీ రాతపూర్వకంగా అంగీకారం తీసుకోండి. ‘12×18 సైజులో, ఈ కాగితం మీద 50’ అని ఉంటే మీ వాదన గట్టిదే. ఫొటోగ్రాఫర్ విలియం ఎగల్‌స్టన్ పాత ఫొటోలను పెద్ద సైజులో, డిజిటల్ పద్ధతిలో మళ్లీ ప్రింట్ చేసి అమ్మితే, పాత ప్రింట్లు కొన్న జొనాథన్ సోబెల్ న్యూయార్క్‌లో దావా వేశారు. కొత్తవి వేరే ఎడిషన్ అంటూ 2013లో కోర్టు దావాను కొట్టేసింది. ఆ తీర్పు మన కోర్టులను కట్టిపడేయదు. మన వినియోగదారుల కమిషన్ సర్టిఫికెట్‌తో పాటు ఇన్‌స్టాగ్రామ్‌లో మీరు పెట్టిన పోస్టులు కూడా చూడొచ్చు. ‘ఇక ఎప్పటికీ రావు’ అని అక్కడ రాసి ఉంటే అదీ మీ మాట కిందే లెక్క.

గెలిచే కేసైనా సరే, నా ఉద్దేశంలో పాత కొనుగోలుదారులకు ముందే చెప్పడం మంచిది. ఆ ప్రింటుకు అంత ధర పెట్టింది బొమ్మ నచ్చి మాత్రమే కాదు, ఇక దొరకదన్న నమ్మకంతో కూడా. కొత్త పదింటికి వేరే నంబర్లు, వేరే సర్టిఫికెట్ ఇవ్వండి. ఎడిషన్ లెక్కలో చేర్చకుండా, ఆర్టిస్ట్ ప్రూఫ్‌ల పేరుతో మీ కోసం పక్కన పెట్టుకున్న ప్రింట్లు ఉంటే వాటి లెక్క కూడా అందులో రాయండి. అది రాయకపోతే గొడవలు రావొచ్చు.

ఇంకో మాట. స్కాన్ నుంచి తీసినవాటిని బిల్లులో ‘ఒరిజినల్ ప్రింట్’ అనకండి. పన్నుల టారిఫ్‌లో, అంటే ఏ వస్తువుకు ఎంత పన్నో చెప్పే పట్టికలో, ఆ మాట చిత్రకారుడు లక్ష్మా గౌడ్ గారి ఎచింగ్‌ల లాంటి వాటికి, అంటే కళాకారుడు స్వయంగా చేత్తో సిద్ధం చేసిన ప్లేటు నుంచి తీసిన వాటికే వర్తిస్తుంది.

హోటల్‌కు ఫైలు ఇవ్వకండి, ప్రింట్లే ఇవ్వండి. ఒప్పందంలో ‘పది కాపీలు, ఈ హోటల్ గోడలకు మాత్రమే, కాపీరైట్ చిత్రకారుడిదే’ అని రాయించి సంతకాలు తీసుకోండి. అడ్వాన్స్ తీసుకునే ముందు మీ సర్టిఫికెట్ కాపీని ఒక లాయరుకు చూపించండి.