సేవకు శిక్షణ తీసుకోవాలంటే ఉద్యోగం ఎప్పుడు మానవచ్చు?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. నా వయసు 38. ఒక ప్రైవేటు సంస్థలో అకౌంటెంటుగా చేరి 8 సంవత్సరాల 2 నెలలైంది; చేతికి రూ.52,000 వస్తుంది, అందులో బేసిక్ రూ.26,000. నా భార్య ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు, జీతం రూ.24,000. పాపకు 9 ఏళ్లు, బాబుకు 5. మా అమ్మగారు (68) మాతోనే ఉంటారు. రంపచోడవరం ఏజెన్సీలో సంఘం (చర్చి) లేని గూడేల్లో, ఏ మిషన్ జీతం మీదా ఆధారపడకుండా, ఇళ్లలో కూడుకునే చిన్న సహవాసాలతో పరిచర్య మొదలుపెట్టాలని దేవుని పిలుపు ఉంది. అందుకు ఉద్యోగం మాని, హైదరాబాదులో రెండేళ్లు హాస్టల్లో ఉండి బైబిల్ కాలేజీలో చదవాలనుకుంటున్నాను. పీఎఫ్‌లో రూ.7.4 లక్షలు, బ్యాంకు డిపాజిట్ రూ.3 లక్షలు ఉన్నాయి. పర్సనల్ లోను రూ.2.1 లక్షలు మిగిలింది, నెల వాయిదా రూ.7,600. రిజిస్టరైన కంపెనీలో రూ.5 లక్షల చిట్టీ నెలకు రూ.10,000 చొప్పున ఇంకా 22 నెలలు కట్టాలి. పీఎఫ్ తీసి ఇల్లు నడపవచ్చా? అమెరికాలో ఉన్న మా మేనమామ కొడుకు, అతని సంఘం నెలకు కొంత పంపుతామంటున్నారు. ఏజెన్సీలో రెండు సెంట్ల స్థలం కొనే ఆలోచన కూడా ఉంది. పిల్లల ఫీజు ఎవరు కడతారని నా భార్య అడుగుతోంది. ఆమెకు విశ్వాసం తక్కువేమో అనిపిస్తోంది.

జవాబు: మీ చివరి వాక్యంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీ ప్రణాళిక అంతా దానిమీదే ఆధారపడి ఉంది. పిల్లల ఫీజు ఎవరు కడతారని మీ శ్రీమతి గారు అడిగింది లెక్కకు సంబంధించిన ప్రశ్న, ఆ లెక్క ఆమెకు ఇంకా ఎవరూ చూపించలేదు. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని లూకా సువార్త 14వ అధ్యాయంలో ప్రభువు అడిగిన ప్రశ్న కూడా ఇదే తీరులో ఉందని మీకు నేను చెప్పనక్కరలేదు. మీ పిలుపును తూచే అర్హత నాకు లేదు, ఆ ప్రయత్నం చేయను. అయితే మీరు తీసుకునే శిక్షణ ఏ రూపంలో ఉంటే ఇంట్లో మిగతా నలుగురి మీద భారం ఎంత పడుతుందో మాత్రం అంకెల్లో చెప్పగలను.

మీరు పంపిన జాబితా ప్రకారం అద్దె రూ.11,000, ఇంటి ఖర్చు రూ.18,000, బడి ఫీజులు రూ.7,500, అమ్మగారి మందులు రూ.3,500, పెట్రోలు, ఫోను, కరెంటు కలిపి రూ.5,500. వాయిదాలు, చిట్టీ, సంఘానికిచ్చే దశమభాగం (ఆదాయంలో పదోవంతు) కలపకుండానే ఇది నెలకు రూ.45,500. మీ జీతం ఆగిపోతే మీ శ్రీమతి గారి రూ.24,000లో దశమభాగం పోగా రూ.21,600 మిగులుతుంది. అంటే కేవలం ఇల్లు నడవడానికే నెలకు దాదాపు రూ.24,000 లోటు. దానికి లోను వాయిదా కలిపితే రూ.31,500, రెండేళ్లకు రూ.7.56 లక్షలు. చిట్టీని, మీ హాస్టల్ ఖర్చును ఇంకా ముట్టుకోనేలేదు, అప్పటికే మీ పీఎఫ్ మొత్తం చాలడం లేదు. కోర్సు ముగియకముందే పీఎఫ్ ముగుస్తుంది, పరిచర్య మొదలయ్యే రోజున చేతిలో రూపాయి ఉండదు. మీరు వెళ్లదలచింది సంఘం లేని చోటికి కాబట్టి అక్కడ కానుకల పెట్టె కూడా ఉండదు. గూడేల్లో కూడుకునే నాలుగైదు కుటుంబాలు మీ ఇంటిని పోషించాలని ఆశించడం వారికీ న్యాయం కాదు.

ఈ దారిలో ముందు నడిచినవారి చరిత్రలో ఇంగ్లిష్ మిషనరీ విలియం కేరీ కుటుంబం సంగతి నన్ను ఎప్పుడూ కలతపెడుతుంది. 1793లో ఆయన బెంగాలుకు బయలుదేరినప్పుడు భార్య డొరతీ మొదట రానన్నారు, ఒత్తిడి మీద చివరి క్షణంలో ఒప్పుకున్నారు. వెంట తెచ్చుకున్న డబ్బు త్వరలోనే అయిపోయింది. 1794లో కేరీ మాల్దా ప్రాంతంలోని ముద్నాబతిలో నీలిమందు ఫ్యాక్టరీ నిర్వాహకుడిగా జీతానికి కుదిరాకే ఇల్లు నిలబడింది. అదే ఏడాది కొడుకు పీటర్ జబ్బుచేసి చనిపోయాడు. డొరతీ మనసు చెదిరి, 1807లో మరణించేవరకు కోలుకోలేదు. కేరీ చేసిన అనువాదాల గురించి మనం ఎంతైనా చెప్పుకుంటాం, డొరతీ గురించి చాలా తక్కువగా మాట్లాడుకుంటాం. ఆయన పని తొలి సంవత్సరాల్లో జీతపు ఉద్యోగం మీదే నడిచిందన్నది మీరు గుర్తుంచుకోవలసిన విషయం. కొరింథులో అకులతో కలిసి డేరాలు కుట్టిన పౌలు కూడా ఆ పద్ధతినే ఎంచుకున్నాడు.

కాబట్టి నా సలహా ఇది: ఉద్యోగం ఇప్పుడు మానవద్దు. 22 నెలల తర్వాత మానే ఆలోచన చేయండి, శిక్షణ మాత్రం ఈ ఏడాదే మొదలుపెట్టండి. వేదాంత విద్యలో డిగ్రీలిచ్చే సెరంపూర్ సెనేట్ బయటి విద్యార్థులకు ఇంటి నుంచే చదివే క్రైస్తవ విద్య డిప్లొమా, డిగ్రీ కోర్సులను నడుపుతోంది. బెంగళూరులోని టాఫ్టీ సంస్థ ఉద్యోగాల్లో ఉన్నవారి కోసమే వేదాంత విద్యను రూపొందించింది. మీరు చేయదలచిన పరిచర్యకు తరగతి గది ఎంత అవసరమో, ఆ గూడేల్లో ఇప్పటికే తిరుగుతున్న ఒక సేవకుడి వెంట నడవడం అంతే అవసరమని నా అభిప్రాయం; అక్కడి గిరిజనులైన కొండరెడ్ల, కోయల జీవితం హైదరాబాదు హాస్టల్లో తెలిసేది కాదు. నెలకు రెండు వారాంతాలు రంపచోడవరం వైపు, మిగతా రెండు ఇంటికి అని ముందే గీత గీయండి. మీ శ్రీమతి గారికి నైట్ డ్యూటీలు ఉంటాయి కాబట్టి, మీరు ఊళ్లో లేని రాత్రి పిల్లలను 68 ఏళ్ల అమ్మగారే చూసుకోవాలి. డ్యూటీ చార్టు వచ్చాక తేదీలు ఖాయం చేయడం తప్ప దీనికి వేరే మార్గం లేదు. బయటి మనిషిని పెట్టుకోవలసి వస్తే ఆ ఖర్చును పరిచర్య ఖర్చుగానే రాయండి.

22 నెలలే ఎందుకంటే, అప్పటికి మీ చిట్టీ పూర్తవుతుంది. సర్వీసు కూడా సరిగ్గా 10 సంవత్సరాలవుతుంది. పీఎఫ్‌తో పాటు నడిచే ఉద్యోగుల పింఛను పథకంలో 10 ఏళ్ల సర్వీసు ఉంటేనే నెలవారీ పింఛనుకు అర్హత వస్తుంది. రూ.15,000 వేతన పరిమితి మీద 10 ఏళ్లకు లెక్క కడితే 58 ఏళ్ల నుంచి నెలకు రూ.2,143 వస్తుంది. మొత్తం చిన్నదే, కానీ జీవితాంతం వస్తుంది, మీ తర్వాత మీ భార్యకు కూడా కొంత వస్తుంది. ఉద్యోగం మానేటప్పుడు పింఛను సొమ్మును వెనక్కి తీసుకోకుండా స్కీమ్ సర్టిఫికెట్ (అప్పటిదాకా ఉన్న పింఛను సర్వీసును నమోదు చేసే పత్రం) అడగండి. గ్రాట్యుటీ కూడా 10 ఏళ్లకు మీ ప్రస్తుత బేసిక్ మీద రూ.1.5 లక్షలవుతుంది.

పీఎఫ్‌ను ముట్టుకోవద్దు. 2024-25కు దానిమీద వడ్డీ 8.25 శాతం. ఇదే రేటు కొనసాగితే ఇప్పుడున్న రూ.7.4 లక్షలే 20 ఏళ్లలో దాదాపు రూ.36 లక్షలవుతాయి. ఉద్యోగం మానినా మీకు 58 ఏళ్లు నిండేవరకు ఖాతాలో వడ్డీ జమవుతూనే ఉంటుంది. మానిన తర్వాత వచ్చే వడ్డీకి మాత్రం పన్ను వర్తిస్తుంది. జీతం లేని పరిచర్యలోకి వెళ్లే మనిషికి వృద్ధాప్యంలో మిగిలే పెద్ద ఆధారం ఇదే.

డిపాజిట్‌లో నుంచి రూ.2.1 లక్షలు తీసి లోను ఈ నెలలోనే తీర్చేయండి. ముందస్తు చెల్లింపు రుసుము ఎంతో బ్యాంకులో అడగండి, అయినా డిపాజిట్ వడ్డీ కంటే పర్సనల్ లోను వడ్డీ ఎక్కువ కాబట్టి లాభమే. మిగిలిన రూ.90,000 రెండు నెలల ఖర్చుకు అత్యవసర నిధి. మిగిలే వాయిదా సొమ్ములో నెలకు రూ.5,000 రికరింగ్ డిపాజిట్‌లో వేసి, తక్కిన రూ.2,600ను కోర్సుకు, ప్రయాణాలకు వాడండి. చిట్టీని మధ్యలో పాడుకోవద్దు, చివరిదాకా ఉంచితే కమిషన్ పోగా రూ.4.65 లక్షల దాకా చేతికొస్తుంది.

ప్రస్తుతం నెలాఖరున మీకు మిగులుతున్న రూ.5,300లో చాలా భాగం బీమాకు పోవాలి. దీన్ని వాయిదా వేయవద్దని గట్టిగా చెబుతున్నాను. టర్మ్ పాలసీకి ఆదాయ రుజువు అడుగుతారు. జీతం ఉన్నప్పుడు సులభంగా వచ్చే రూ.75 లక్షల కవరు, జీతం మానాక దొరకడం కష్టం. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా మీ చివరి పనిదినంతో ఆగిపోతుంది. సొంత కుటుంబ పాలసీలో ముందునుంచీ ఉన్న జబ్బులకు గరిష్ఠంగా 3 ఏళ్ల వరకు ఎదురుచూడాల్సి ఉంటుంది కాబట్టి, ఇప్పుడే తీసుకుంటే మీరు ఉద్యోగం మానేనాటికి అందులో ఎక్కువ భాగం గడిచిపోతుంది. మలేరియా ఉన్న ప్రాంతానికి వెళ్తున్నారన్నది కూడా మరవవద్దు. వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాలపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. ఈ రెండూ కలిపి ఏడాదికి రూ.45,000 లోపు సర్దుకోవచ్చునని నా అంచనా. అమ్మగారికి 70 నిండగానే ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత వైద్యానికి ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డుకు దరఖాస్తు చేయండి. ఏజెన్సీ రోడ్ల మీద బైకుపై తిరిగే మీకు ఏడాదికి రూ.20తో రూ.2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా బ్యాంకు ఖాతా నుంచే దొరుకుతుంది. పాపకు 10 ఏళ్లు నిండితే సుకన్య సమృద్ధి ఖాతా తెరవడం కుదరదు, కాబట్టి ఆ పుట్టినరోజు రాకముందే పోస్టాఫీసులో తెరిచి, మొదట రూ.250 అయినా వేయండి.

ఇలా చేస్తే 22 నెలల తర్వాత మీ చేతిలో అత్యవసర నిధి, రికరింగ్ డిపాజిట్, చిట్టీ, గ్రాట్యుటీ కలిపి సుమారు రూ.8.2 లక్షలు ఉంటాయి, అప్పు ఉండదు. అప్పటి నెలవారీ లోటు, బీమాను, ఏజెన్సీ ప్రయాణాలకు రూ.5,000ను కలిపితే, సుమారు రూ.33,000. ఏ సంపాదనా లేకుంటే ఆ నిధి రెండేళ్లకు అయిపోతుంది. మీ వృత్తి అకౌంట్లు కావడం ఇక్కడ పెద్ద వరం. రాజమహేంద్రవరంలో చిన్న దుకాణాలకు లెక్కలు రాసి, జీఎస్టీ రిటర్నులు చూసి నెలకు రూ.15,000 తెచ్చుకోగలిగితే లోటు రూ.18,000కు దిగుతుంది. అప్పుడు రూ.3 లక్షలు విడిగా పక్కన పెట్టినా మిగతా సొమ్ము దాదాపు 2 సంవత్సరాల 5 నెలలు నడుస్తుంది. ఆ దుకాణాలను ఇప్పటినుంచే వెతకండి. పాస్టర్లకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే రూ.5,000 గౌరవ వేతనాన్ని ఈ లెక్కలో కలపవద్దు. ఇళ్లలో కూడుకునే పరిచర్య ప్రభుత్వ షరతులకు సరిపోతుందని అనుకోవడానికి లేదు.

ఇక అమెరికా డబ్బు. మీ బావ ఇప్పటికీ భారత పౌరుడై, తన సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. ఆయన అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే వస్తుంది. అక్కడి సంఘం పంపేది ఎలా చూసినా విదేశీ విరాళమే. మతపరమైన పనికి దాన్ని తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద కేంద్ర హోంశాఖ రిజిస్ట్రేషన్ లేదా ముందస్తు అనుమతి ఉండాలి. మీ పేరు మీద, మీ భార్య ఖాతాలో, వేరొకరి ట్రస్టు ద్వారా తెప్పించుకోవడం లాంటి మార్గాలు ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ కూడా ఆ సొమ్మును ఇతరులకు బదలాయించడాన్ని 2020 సవరణ నిషేధించింది. ఇక్కడి స్నేహితులు ఇచ్చే కానుకలకు వేరే బ్యాంకు ఖాతా పెట్టండి. బంధువులు కానివారి నుంచి ఏడాదిలో వచ్చినవి రూ.50,000 దాటితే మొత్తమంతా ఆదాయంగా చూపాలి. కొత్త పన్ను విధానంలో రూ.12 లక్షల దాకా రిబేటు ఉంది కాబట్టి మీకు పన్ను పడకపోవచ్చు, అయినా లెక్క చూపక తప్పదు.

స్థలం ఆలోచన పూర్తిగా మానుకోండి. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనడం 1/70 చట్టం ప్రకారం చెల్లదు. గిరిజన విశ్వాసి పేరు మీద కొని మీరు అనుభవించడం ఆ కుటుంబాన్ని కూడా చిక్కుల్లో పడేస్తుంది. ఇళ్లలో కూడుకునే పరిచర్యకు స్థలం అవసరమే లేదు కదా.

చివరిగా, ఈ కాగితాలన్నీ మీ శ్రీమతి గారి ముందు పెట్టి, ఆమె మార్చమన్న అంకెలు మార్చండి. ఆమె జీతం ఇంటికే, పరిచర్యకు అందులోంచి తీసుకోవాలంటే ఆమె నోటితో చెప్పాలి అన్నది ఒక షరతుగా రాసుకోండి. ఉద్యోగం మానాక మూడు నెలలకోసారి ఇద్దరూ పాస్‌బుక్కులు చూడండి. పక్కన పెట్టిన రూ.3 లక్షల్లో చేయి పెట్టవలసి వచ్చిన నెలలోనే మీరు పూర్తికాలపు ఉద్యోగం వెతకడం మొదలుపెడతారని ఆ కాగితం మీద రాసి, ఇద్దరూ సంతకం చేయండి. పీఎఫ్ పోర్టల్లో ఈ-నామినేషన్ ఆమె పేరు మీద ఉందో లేదో ఆ రోజే చూసుకోండి.