చౌమహల్లా ప్యాలెస్ ఫంక్షన్లకు ఎలా వచ్చింది?

అక్క రిసెప్షన్ హైదరాబాద్ పాతబస్తీలోని చౌమహల్లా ప్యాలెస్‌లో పెట్టాలనుకుంటున్నామని రాశారు. నిజాంల సొంత ఇల్లు ఫంక్షన్లకు ఇచ్చే స్థితికి ఎందుకు వచ్చింది, అలాంటి చోట డీజే, డెకరేషన్ పెట్టడం బాగుంటుందా అని అడిగారు. నేను లైటింగ్, డెకరేషన్ పని చేస్తాను. ఆ ప్రాంగణంలోనూ చేశాను. చదివిందీ చూసిందీ కలిపి చెప్తాను.

ముందుగా, అది దిగజారిందన్న బాధ పెట్టుకోకండి. ఆ ప్యాలెస్ మొదటి నుంచీ వేడుకలు జరిగిన చోటే. 1750లో నిజాం వంశపు సలాబత్ జంగ్ మొదలుపెడితే, ఐదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో, అంటే 1857-69 మధ్య పూర్తయింది. వందేళ్లకు పైగా తలో తరం తలో ముక్క కట్టుకుంటూ వచ్చారు. దక్షిణం వైపు ప్రాంగణంలో అఫ్జల్ మహల్, మహతాబ్ మహల్, తహ్నియత్ మహల్, అఫ్తాబ్ మహల్ నాలుగూ ఎదురెదురుగా ఉంటాయి. ఉత్తరం వైపు ఖిల్వత్ ముబారక్. దర్బారు జరిగేది అక్కడే. పాలరాతి గద్దె, పైన 19 బెల్జియం షాండ్లియర్లు. నిజాంలు పట్టాభిషేకాలు చేసుకున్నదీ, వచ్చిన అతిథులకు మర్యాదలు చేసిందీ ఈ ప్యాలెస్‌లోనే. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ అయితే కాపురం కింగ్ కోఠీలో పెట్టుకుని, దీన్ని ముఖ్యమైన సందర్భాలకే వాడుకున్నాడు. కాబట్టి మీ రిసెప్షన్ అక్కడ కొత్త అలవాటేమీ కాదు. కాకపోతే అప్పట్లో పిలుపు నిజాం నుంచి రావాలి, ఇప్పుడు అద్దె కడితే ఎవరైనా చేసుకోవచ్చు. ఈ మార్పు నాకు చాలా ఇష్టం.

మధ్యలో మాత్రం ప్యాలెస్‌కు గడ్డుకాలం నడిచింది. 1967 ఫిబ్రవరిలో ఉస్మాన్ అలీ ఖాన్ పోయాక, ఏప్రిల్‌లో మనవడు ముకర్రం జాకు ఇక్కడే పట్టాభిషేకం చేశారు. అప్పటికి రాజ్యం లేదు, బిరుదు మాత్రమే మిగిలింది. 1971లో రాజభరణాలు రద్దయ్యాయి. వారసుల కోర్టు కేసులు ఒకవైపు, వందలాది నౌకర్ల జీతాలు ఇంకోవైపు. ముకర్రం జా ఆస్ట్రేలియా వెళ్లి గొర్రెల ఫారం పెట్టుకున్నాడు. ఇక్కడ గదులకు తాళాలు పడ్డాయి, గోడలకు చెమ్మ పట్టింది. ఒకప్పుడు 45 ఎకరాలని చెప్పే ఆవరణలో ఇప్పుడు మిగిలింది మూడో వంతు కూడా లేదు.

ప్యాలెస్‌ను మళ్లీ నిలబెట్టింది ముకర్రం జా మొదటి భార్య, టర్కీ నుంచి వచ్చిన ప్రిన్సెస్ ఎస్రా. ఎప్పుడో విడాకులైపోయినా ఆమె తిరిగొచ్చి, ఆర్కిటెక్ట్ రాహుల్ మెహ్రోత్రాను పెట్టి 2000 నుంచి బాగు చేయించింది. 2005లో జనానికి తెరిచారు, 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ మెరిట్ అవార్డు వచ్చింది. నా దృష్టిలో ఆమె చేసిన పెద్ద పని, బాగు చేశాక మళ్లీ తాళం వేయకపోవడం. మ్యూజియం టికెట్టు, ఫంక్షన్ల అద్దె, ఇలా ఏదో ఒక ఆదాయం ఉంటేనే ఏటా సున్నం వేసే మేస్త్రీ పని ఆగదు. పాతబస్తీలో నా చిన్నప్పుడు చూసిన దేవిడీలు, అంటే నవాబుల పాత భవంతులు, ఎన్నో ఇప్పుడు కాంప్లెక్సులు, పార్కింగ్ స్థలాలు అయిపోయాయి. చార్మినార్ దగ్గరి మాల్వాలా ప్యాలెస్ కూడా అలాగే పోయింది. ఏ ఆదాయమూ లేని ఇంటిని వారసులు ఎన్నాళ్లని భరిస్తారు?

ఇక డెకరేషన్ సంగతి. దీనిమీద కాస్త ఎక్కువే చెప్పాలి.

ఆ గోడల మీద, స్తంభాల మీద కనిపించే పూలతీగలు రాతి చెక్కడం కాదు, సున్నపు పని. దగ్గరికి వెళ్లి చూస్తే ఆకు అంచు అప్పడంలా పలచగా ఉంటుంది. మేకు కొడితే అక్కడితో ఆగదు, చుట్టూ బెత్తెడు మేర పెచ్చు లేస్తుంది. దాన్ని సిమెంటుతో పూడిస్తే ఇంకా నష్టం. సున్నపు గోడ చెమ్మను పీల్చుకుని బయటికి వదులుతూ ఉంటుంది, సిమెంటు ఆ దారి మూసేస్తుంది. రెండు వర్షాకాలాలు గడిచేసరికి పక్కన ఉన్న మంచి పని కూడా ఉబ్బి రాలిపోతుంది. అందుకే నేను గోడకు ఏదీ తగిలించను. పూలదండలైనా, సీరియల్ లైట్లయినా విడి స్టాండ్లకే కడతాం. స్టాండ్ల కాళ్ల కింద రబ్బరు ముక్కలు, దానికింద దుప్పటి. హాలోజన్ లైట్ల వేడి పడకుండా ఎల్ఈడీలు వాడి, కింద నుంచి పైకి వెలుగు పడేలా దూరంగా పెడతాం. అలా పడ్డ వెలుగులో సున్నపు పూలకు నీడలు వచ్చి అవే డెకరేషన్ అవుతాయి. దాని ముందు ఫ్లెక్స్ బ్యాక్‌డ్రాప్ కట్టి ఆ గోడనే మూసేస్తానంటే నేను ఒప్పుకోను, ఫంక్షన్ పెట్టుకున్నవాళ్లతో వాదిస్తాను. మీరూ మీ డెకరేటర్‌కి ముందే చెప్పండి.

హల్దీ మాత్రం అక్కడ వద్దు. పసుపు, నూనె సున్నంలోకి ఇంకితే ఇక పోవు. నిప్పురవ్వలు చిమ్మే కోల్డ్ పైరో, కాగితం ముక్కలు ఎగజిమ్మే పేపర్ బ్లాస్టర్ లాంటివి ముచ్చటపడినా మానేయండి. డీజే విషయంలో బేస్ తగ్గించమనండి, పాత అద్దాలు అదురుతాయి. నన్నడిగితే ఆ ప్రాంగణంలో నీటి తొట్టి పక్కన షెహనాయో, ఖవ్వాలీయో పెడితే వచ్చినవాళ్లు ఏళ్ల తరబడి చెప్పుకుంటారు. 2025 మే నెలలో మిస్ వరల్డ్ పోటీకి వచ్చిన అమ్మాయిలకు విందు ఇచ్చింది కూడా ఇక్కడే. ఆ ఫొటోలు చూస్తే వెలుగు ఎలా పెట్టాలో మీకు ఒక అంచనా వస్తుంది.

అక్కడివాళ్లకు ఇది అద్దె హాలు మాత్రమే కాదని కూడా గుర్తుంచుకోండి. 2023 జనవరిలో ముకర్రం జా ఇస్తాంబుల్‌లో చనిపోతే, పార్థివదేహాన్ని తెచ్చి జనం చూడటానికి ఉంచింది చౌమహల్లాలోనే. ఆ తర్వాత మక్కా మసీదులో ఖననం చేశారు. ఆ చుట్టుపక్కల ఇళ్లలో తాతలు నిజాం కొలువులో చేసినవాళ్లున్నారు. రాత్రి సౌండు విషయంలో వాళ్లను ఇబ్బంది పెట్టొద్దు.

పనికొచ్చే విషయాలు ఇంకొన్ని. పగలు మ్యూజియం నడుస్తుంది కాబట్టి సామాన్లు దించే టైము ముందే రాయించుకోండి. లాడ్ బజార్ వైపు పెద్ద లారీ రాదు, చిన్న బండ్లలో రెండు మూడు ట్రిప్పులు వేయాలి. రంజాన్ నెల అయితే రాత్రుళ్లు ఆ రోడ్లు కదలవు, తేదీ మార్చుకోండి. భోజనాలు ఆరుబయటే కాబట్టి జూన్ నుంచి సెప్టెంబరు దాకా వద్దు. పెద్దవాళ్లకు నడక ఎక్కువ, వీల్‌చైర్ రెండయినా దగ్గర పెట్టుకోండి. అద్దె ఎంతన్నది ప్రాంగణాన్ని బట్టి, రోజును బట్టి మారుతుంది. ప్యాలెస్ ఆఫీసులోనే నేరుగా అడగండి, మధ్యలో ఎవరికీ అడ్వాన్సు ఇవ్వొద్దు.