మావారి ప్రొఫైల్‌లో లేని హోదా

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మావారు రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో ఆరేళ్లుగా టెక్నీషియన్. ఉద్యోగ పరిచయాల వెబ్‌సైట్ లింక్డ్‌ఇన్‌లో మాత్రం ‘టెక్నికల్ హెడ్’ అని పెట్టుకున్నారు. అది చూసి మా అన్నయ్య ఊరంతా చెప్పాడు. ఇప్పుడు ఒక రొయ్యల మేత కంపెనీ ఇంటర్వ్యూకు పిలిచింది. ‘అందరూ రాసుకునేదే’ అంటారాయన. నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీ భయం ఉత్తది కాదమ్మా. ‘మీ కింద ఎంతమంది పనిచేస్తారు?’ అన్న ఒక్క ప్రశ్నకే ఆ హోదా నిలబడదు. ఉద్యోగం ఇచ్చేముందు చాలా కంపెనీలు జీతం స్లిప్పులు, సర్వీసు సర్టిఫికెట్ చూస్తాయి, పాత ఆఫీసుకు ఫోన్ చేసి హోదా అడుగుతాయి. చేరాక బయటపడినా ఉద్యోగం పోవచ్చు. పైగా భీమవరం, ఉండి, ఆకివీడు చుట్టూ ఈ చెరువుల లోకం చాలా చిన్నది. ల్యాబ్ వాళ్లూ మేత డీలర్లూ రైతులూ ఒకరికొకరు తెలిసినవాళ్లే.

అసలు ఆయన పనికి ఆ తొడుగు ఎందుకు? చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారకముందే. రాత్రంతా నాచు, రొయ్యలు పీల్చేస్తూనే ఉంటాయి, ఎండ వచ్చేదాకా కొత్తది పుట్టదు. ఆ వేళలో మీటరు అంకె చూసి ‘ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) వెయ్యండి’ అని చెప్పే మనిషి మాట మీద ఒక కుటుంబం అప్పులు తీరడమో, మునగడమో ఉంటుంది. అమ్మోనియా, ఉప్పదనం, పీహెచ్ చదవడం ఏళ్ల అనుభవంతో గాని చేతికి రాని విద్య. ‘ల్యాబ్ టెక్నీషియన్, వనామీ రొయ్యల చెరువుల నీటి పరీక్షలు, 6 ఏళ్లు’ అని రాస్తే మేత కంపెనీకి కావలసింది అందులోనే ఉంది. ఇంటర్వ్యూకు ముందే ప్రొఫైల్‌లో మార్చేయమనండి. మార్పు గురించి పరిచయస్తులకు కబురు వెళ్లకుండా ఆపే మీట అక్కడే ఉంటుంది. కంపెనీకి పంపిన బయోడేటాలోనూ అదే హోదా ఉంటే, సరిచేసిన కాపీ ముందుగా ఆయనే పంపాలి.

మీ ఉత్తరంలో ఒక్కచోట నేను ఆగిపోయాను. అన్నయ్య ఊరంతా చెప్పాడన్నారు. అంతకుముందు ఈ ఆరేళ్లలో బావగారి పని గురించి ఎవరికైనా చెప్పాడా? పుట్టింటి పెళ్లిళ్లలో ‘ఏం చేస్తుంటారు?’ అని ఎవరైనా అడిగితే మీరు మాట దాటవేశారా? మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. ఆ హోదా ఆయన కంపెనీల కోసమే పెట్టుకున్నారని నాకు అనిపించడం లేదు. ‘ఎందుకు అబద్ధం రాశారు’ అనకండి. ‘ఎవరి మాట నొప్పించింది?’ అని అడగండి, ఇద్దరే ఉన్నప్పుడు.

అన్నయ్యకు నిజం చెప్పే పని మాత్రం మీరే తీసుకోండి. మీవారి చేత చెప్పించకండి.