గోదావరి జిల్లాల్లో మన కటింగ్ మిషన్ అమ్ముడుపోవాలంటే డబ్బు ఎక్కడ పెట్టాలి?

మీరు అడిగింది ఇదీ: మీ నాన్నగారు పెట్టిన యూనిట్‌లో నాలుగంగుళాల గ్రైండింగ్ మిషన్, మార్బుల్ కట్టర్, డ్రిల్ మిషన్ తయారవుతున్నాయి. గోదావరి జిల్లాల్లో అమ్మకాలు పెంచాలి. చేతిలో ఉన్న రెండు లక్షలు ఫేస్‌బుక్ ప్రకటనలకి పెట్టాలా, హోర్డింగులకా, డీలర్ల స్కీముకా?

మూడిట్లో దేనికీ వద్దంటాను. ఎందుకో చెప్పాలంటే ముందు నా పాపం ఒకటి ఒప్పుకోవాలి.

ఇలాంటి మిషన్లే చేసే ఒక కంపెనీకి నాలుగేళ్లు తణుకులో ఉండి సేల్స్ చూశాను. రావులపాలెం నుంచి నరసాపురం దాకా నా ఏరియా. మొదటి ఏడాది పది కొంటే ఒకటి ఫ్రీ అన్నాం, టీషర్టులు పంచాం, టార్గెట్ కొట్టిన డీలర్లని గోవా తీసుకెళ్లాం. టార్గెట్ దాటేసింది, నాకు ఇన్సెంటివ్ కూడా వచ్చింది. మరుసటి ఉగాదికి షాపులకి వెళ్తే మా డబ్బాలు పై అరల్లో దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. మేము అమ్మింది డీలరు గోడౌనుకి, మేస్త్రి చేతికి కాదు. ఇంకో లోడు తీసుకోమంటే భీమవరంలో ఒక పెద్దాయన "కూర్చోండి, టీ తాగండి" అన్నారు. మా వైపు ఆ మాటకి అర్థం, సరుకు వద్దని మర్యాదగా చెప్పడం.

సంగతేంటో పాలకొల్లులో ఒక మోటారు వైండింగ్ షాపులో అర్థమైంది. నేను వెళ్లేసరికి ఆ షాపు మెకానిక్ మా మార్బుల్ కట్టరే విప్పుకుని కూర్చున్నారు. లోపల గేర్ల పక్కనంతా టైల్స్ పొడి, నీళ్లు కలిసి తెల్లటి ముద్దలా గడ్డకట్టింది. స్క్రూడ్రైవరుతో గీకి తీశారు. కార్బన్లు, అంటే తిరిగే మోటారుకి కరెంటు అందించే చిన్న ముక్కలు, చిటికెన వేలి గోరంత మిగిలాయి. ఆయన సొరుగులోంచి వేరే కంపెనీ కార్బన్ తీసి, ఎమెరీ పేపరు మీద నాలుగు పక్కలా అరగదీసి, మా మిషన్‌లో పట్టిస్తున్నారు.

"అదేంటండీ, మాది వేయకుండా?" అన్నాను.

"ఆయ్, మీది ఎక్కడ దొరుకుతుందో చెప్పండి, ఇప్పుడే కుర్రాణ్ణి పంపుతాను" అన్నారు తల ఎత్తకుండా. తర్వాత తనే, "మిషను మంచిదేనండి. బండి బావుంది, పెట్రోలు బంకు మాత్రం విజయవాడలో ఉంది" అన్నారు.

మా సర్వీస్ సెంటర్ విజయవాడలోనే ఉండేది. పంపిన మిషన్ తిరిగి రావడానికి రెండు వారాలు, ఒక్కోసారి మూడు. టైల్స్ మేస్త్రికి మిషన్ లేకపోతే ఆ రోజు కూలి లేదు. వెనక ఉన్న ఇద్దరు హెల్పర్లకీ లేదు. కొత్త మిషన్ కొనాల్సి వస్తే ఆ మేస్త్రి షాపువాణ్ణి అడగడు, ప్రకటనా చూడడు. నిన్న రిపేరు చేసిచ్చిన మెకానిక్‌ని అడుగుతాడు. ఆ మెకానిక్ "నేను మీది కొనమని చెప్పలేనండి, రేపు పార్టు దొరక్కపోతే తిట్లు నాకు" అని నా మొహం మీదే అనేశారు.

తర్వాత చేసింది చాలా చిన్న పని. పధ్నాలుగు మంది మెకానిక్‌లకి తలా ఒక ప్లాస్టిక్ డబ్బా. అందులో పది జతల కార్బన్లు, రెండు ఆర్మేచర్లు (మోటారులో తిరిగే భాగం), ఒక ఫీల్డ్ కాయిల్ (దాని చుట్టూ కదలకుండా ఉండే తీగచుట్ట), రెండు స్విచ్‌లు, గేర్ల సెట్టు. ముందు డబ్బు కట్టక్కర్లేదు, నెలాఖరుకి వాడినవాటికి మాత్రం ఇస్తే చాలు. కంపెనీ ఒప్పుకోలేదు, స్పేర్లు అప్పుగా ఇస్తే లెక్క కుదరదన్నారు. మా డీలరుగారొకరు తన పేరున కొని పెట్టారు, దణ్ణం పెట్టాలాయనకి. ఆర్నెల్లు ఏమీ కదల్లేదు. ఆ తర్వాత నెలకి ఆరేడు పోయే షాపులో ఇరవై దాకా పోవడం మొదలైంది, స్కీము లేకుండానే. కాబట్టి మీ రెండు లక్షలూ డబ్బాల్లో పెట్టండి. అంతకంటే ముందు మీ కార్బన్ సైజు చూసుకోండి. బజార్లో దొరకని సొంత సైజైతే మార్చేయండి. స్పేర్ల మీద లాభం మనకే ఉంటుందని అలాంటి సైజు పెడతారు గానీ, అరగదీసి వేసేవాడు ఎలాగూ వేస్తాడు. కార్బన్ సరిగ్గా కూర్చోక కమ్యుటేటర్ (ఆర్మేచర్ మీద కార్బన్ రాసుకునే రాగి భాగం) మాడితే పోయేది మీ పేరే.

మిషన్లు మా దగ్గర ఎందుకు ఎక్కువ కాలతాయో కూడా తెలుసుకోండి. ఉండి, ఆకివీడు ఊళ్ల వైపు మబ్బు పట్టిన రోజున చేపల, రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ పడిపోతుందని పగలే ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే మిషన్లు) తిప్పుతారు. ఊళ్లో వోల్టేజి కుంగుతుంది. దానికితోడు పక్కింటి నుంచి సన్నటి వైరు యాభై మీటర్లు లాగి పని చేస్తారు. 230 వోల్టులు రావాల్సిన చోట మిషన్ దాకా ఎంత వస్తుందో దేవుడికెరుక. స్పీడు తగ్గుతుంది, మేస్త్రి ఇంకా గట్టిగా నొక్కుతాడు, కరెంటు ఎక్కువ లాగుతుంది. ఫ్యాను ఉండేది ఆర్మేచర్ షాఫ్టు మీదే కాబట్టి సరిగ్గా చల్లబడాల్సినప్పుడే గాలి తగ్గిపోతుంది. వైండింగ్ మాడుతుంది. మీ టెస్టింగ్ బెంచి మీద 180 వోల్టుల దగ్గర లోడు పెట్టి అరగంట తిప్పి చూడండి. రెండు మీటర్ల వైరు బదులు అయిదు మీటర్ల మంచి రబ్బరు వైరు ఇవ్వండి. దానికయ్యే ఖర్చు టీషర్టు కంటే ఎంతో ఎక్కువ కాదు. మేస్త్రి కొత్త మిషన్ డబ్బా తెరిచి మొట్టమొదట పట్టుకుని చూసేదీ ఆ వైరునే.

మూడు మిషన్లనీ ఒకేసారి తోయకండి. మార్బుల్ కట్టర్ ఒక్కటే, టైల్స్ వాళ్లకే. ఇళ్లలో వాడుకునే డ్రిల్ కిట్లు కూడా చేద్దామనుకుంటున్నారట. చేయండి, కానీ వేరే పేరుతో. అమెరికాలో బ్లాక్ అండ్ డెక్కర్‌కి ఇదే తగిలింది. ఇళ్లలో వాడే సామాన్లకి ఉన్న పేరే పనివాళ్ల మిషన్ల మీదా ఉండేసరికి మేస్త్రులు చిన్నచూపు చూశారు. చివరికి 1960లో కొన్న డీవాల్ట్ అనే పాత పేరు బయటికి తీసి, 1992లో పసుపు రంగు వేసి, పనివాళ్లకి మాత్రమే అని వేరే లైను పెట్టారు. ఇవాళ ఆ పసుపు మిషన్ మన సైట్లలో కూడా కనిపిస్తుంది.

సీజను విషయంలో డీలర్ల మాట వినకండి. ఆషాఢంలో బేరాలుండవంటారు. షాపులో ఉండకపోవచ్చు. శ్రావణంలో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టుకున్న ప్రతి ఇంట్లోనూ టైల్స్ పని జరిగేది ఆషాఢంలోనే. మిషన్లు ఎక్కువ పాడయ్యేదీ అప్పుడే. దాళ్వా (రబీ వరి) డబ్బులు చేతికొచ్చి పనులు ఊపందుకునే మే నెలలోనే మెకానిక్‌ల స్పేర్ల డబ్బాలన్నీ నింపేయండి. దసరా ఆయుధపూజ రోజున మీరు డబ్బాలిచ్చిన మెకానిక్ షాపులన్నిటికీ మీరే స్వయంగా వెళ్లి రండి, సేల్స్ కుర్రాణ్ణి పంపకండి.

ఫేస్‌బుక్ పూర్తిగా వద్దనను. ప్రకటన బదులు కార్బన్లు మార్చడం, లోపలి ముద్ద కడగడం మూడు నిమిషాల వీడియో తీయండి. మాట్లాడేది మెకానికే అయితే మంచిది, యాంకరమ్మాయి వద్దు.

అప్పు గురించి ఒక్క ముక్క. మీకు సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (కేంద్రం ఇచ్చే నమోదు) ఉంటే, ఎంత గడువు ఒప్పుకున్నా 45 రోజులు దాటకుండా డబ్బు రావాలని చట్టంలో ఉంది. ఆలస్యం చేసిన డీలరు మీకు డబ్బు కట్టేదాకా ఆ ఖర్చుని తన ఆదాయపన్ను లెక్కలో చూపించుకోలేడు. ఉంది కదా అని మొదటి రోజే ఆ కాగితం చూపించకండి, సరుకు దింపనివ్వరు. తక్కువ సరుకు ఇచ్చి, అది అమ్ముడయ్యాకే మళ్లీ వేయండి.

మీ మార్బుల్ కట్టర్ రేటెంతో రాయలేదు. అది రాస్తే డీలరుకి ఎంత, మెకానిక్‌కి ఎంత వదలాలో నాకు తెలిసిన లెక్క కింద రాస్తాను.