గుంటూరు మిర్చి బంగ్లాదేశ్‌కు: లారీ కన్నా ముందు ఎల్సీ

అన్నా, బంగ్లాదేశ్‌లో కొనే పార్టీ "సరుకు చేరాక డబ్బు" అంటున్నాడు, ఒక లారీ ఎండుమిర్చి పంపొచ్చా అని అడిగారు. ఆ షరతు మీద పంపొద్దు. 2022 నుంచి అక్కడ డాలర్ల కొరతతో ఎల్సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్, కొనేవాడి బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) తెరవడమే కష్టమైన రోజులున్నాయి, ఇక నోటిమాట ఏపాటి? ఎల్సీ తెరవమనండి. దాన్ని మన వైపు బ్యాంకు కన్ఫర్మ్ చేశాకే, అంటే డబ్బుకు తనూ హామీ ఇచ్చాకే, యార్డులో సరుకు కొనండి. ఆ కన్ఫర్మేషన్ చార్జీ ఎవరు భరించాలో ముందే తేల్చుకోండి, తర్వాత గొడవంతా అక్కడే.

కాగితాలకు ఐఈసీ (ఎగుమతి-దిగుమతి కోడ్), స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (సరుకుకు పురుగు, తెగులు లేవనే పత్రం) కావాలి. ఎల్‌యూటీ (ఎగుమతిదారు జీఎస్టీ శాఖకు ఇచ్చే హామీపత్రం) వేస్తే జీఎస్టీ కట్టకుండానే పంపొచ్చు.

బెంగాల్ సరిహద్దులోని పెట్రాపోల్ దారిలో మీ లారీ ఢాకా దాకా పోదు. సరిహద్దు దాటి బంగ్లాదేశ్ వైపున్న బేనాపోల్‌లో దించితే, అక్కడి బండికి ఎక్కిస్తారు. బెంగాల్ ప్రభుత్వ 'సువిధ' పోర్టల్‌లో స్లాటు ముందే బుక్ చేయించండి. లేదంటే వెయిటింగ్ బాడుగ మీ నెత్తినే.

రైలు చౌకే. 2020 జులైలో గుంటూరు దగ్గరి రెడ్డిపాలెం నుంచి బేనాపోల్‌కు పార్సిల్ రైల్లో 384 టన్నుల మిర్చి వెళ్లింది. రోడ్డు మీద టన్నుకు రూ.7,000 అయ్యేది రూ.4,608తో పోయింది. కానీ ఒక్క లారీ సరుకుకు రైలు కట్టించలేం, యార్డులో చాలామంది కలవాలి.